కౌంటర్ వెనక కుర్రవాడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ అందింది, చదివాను. అచ్చుకు పనికొస్తుందా అని అడిగావు. ఇప్పుడున్న రూపంలో పనికిరాదు. అలాగని పెట్టెలో పడేసి మరిచిపోవలసినదీ కాదు. మొదటి సగం నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు. రెండో సగం ఎవరైనా రాస్తారు. దిగులు పడకు, కష్టమైనది మొదటి సగమే.

గుంటూరు జిల్లా పల్లెటూరి కుర్రవాడు ఎమ్మెస్ చదవడానికి టెక్సస్ వెళ్లాడు. రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్ దుకాణంలో పని. ఒక రాత్రి నల్లజాతి యువకుడొకడు తుపాకీ చూపించి గల్లాపెట్టె ఖాళీ చేయించుకుని పోయాడు. అప్పటినుంచి మనవాడికి నల్లవాళ్లను చూస్తే భయం, ఆ భయంలోంచి కోపం, కోపంలోంచి ఏవగింపు. చివర్లో, పోగొట్టుకున్న పర్సును నల్లజాతి ముసలాయన ఒకరు తెచ్చి చేతిలో పెట్టగానే కళ్లు చెమర్చి మారిపోయాడు. అనుభవంతో పుట్టిన ద్వేషం అనుభవంతోనే పోయిందని నీ ఉత్తరంలో కథాంశం చెప్పావు. వినడానికి బాగానే ఉంది. నీ కథ మాత్రం దాన్ని ఒప్పుకోవడం లేదు.

మూడో పేజీ తీసి చూడు. విమానాశ్రయం నుంచి మనవాణ్ణి కారులో తీసుకొస్తున్న సీనియర్, హైవే దిగగానే ఎడమవైపు చేయి చూపించి, ఆ వంతెన దాటి అటు ఎప్పుడూ వెళ్లొద్దు, అది నల్లవాళ్ల ఏరియా అంటాడు. మనవాడు తలూపి, తన పక్కనున్న కిటికీ అద్దం పైకి ఎత్తుతాడు. దోపిడీ జరగడానికి ఇంకా ఎనిమిది నెలలు ఉంది. మరి ఆ అద్దం ఎందుకు ఎత్తాడు?

ఆరో పేజీ కూడా చూడు. అదే సీనియర్, గది అడ్వాన్సు కింద మనవాడు ఇచ్చిన వెయ్యి డాలర్లు ఎగ్గొట్టి వేరే రాష్ట్రం వెళ్లిపోతాడు. మనవాడు రెండు రోజులు తిట్టుకుని, వాడి బుద్ధి అంత అనుకుని వదిలేస్తాడు. గల్లాపెట్టెలోంచి పోయినవి నూట ఎనభై డాలర్లు, అవీ యజమానివి. సీనియర్ తిన్న వెయ్యి తన సొంతం, తండ్రి పొలం మీద తెచ్చిన అప్పులోది. అయినా మోసం చేసినవాడు ఒక్క మనిషిగానే మిగిలాడు. దోచినవాడు ఒక జాతి మొత్తం అయిపోయాడు. రెండూ అనుభవాలే. ఏ దెబ్బను ఒక మనిషి ఖాతాలో రాసుకోవాలో, దేన్ని తీసుకెళ్లి ఒక జాతి ఖాతాలో వేయాలో మనవాడికి ఎవరో ముందే నేర్పిపెట్టారు. నీ కథకు అసలు విషయం ఇదే. నీ కలం దాన్ని రాసేసింది, నువ్వు గమనించకుండా దాటిపోయావు.

ర్యాప్ ఎక్కువగా వింటానని, ‘ఐయామ్ నాట్ రేసిస్ట్’ అన్న పాట విన్నాకే ఈ కథ రాయాలనిపించిందని రాశావు. నా వయసువాళ్లు ఆ సంగీతం పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. బూతులూ బంగారు గొలుసులూ తప్ప ఏముంది అంటారు. (వినకుండా ఏర్పరచుకున్న ఆ అభిప్రాయం కూడా మనం మాట్లాడుకుంటున్న దాని కిందికే వస్తుందనుకో.) నీకు తెలిసిన దారి కనుక ఆ దారిలోనే నడుద్దాం.

జాయ్‌నర్ లూకస్ మసాచుసెట్స్‌లోని వూస్టర్ నుంచి వచ్చిన నల్లజాతి ర్యాపర్. నువ్వు విన్న పాట అతనిదే, 2017 నవంబరులో వచ్చింది. వీడియోలో బల్లకు అటొకడు, ఇటొకడు కూర్చుంటారు. ముందు ట్రంప్ అభిమానుల ఎర్ర టోపీ పెట్టుకున్న తెల్లవాడు కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. నల్లవాళ్లు కష్టపడరు, ప్రభుత్వం సొమ్ము మీద బతుకుతారు, ఎప్పటి బానిసత్వమో పట్టుకుని వేలాడతారు, ఇదీ ధోరణి. నడుమ నడుమ తనకు జాతి ద్వేషం లేదంటూ, చుట్టాల చుట్టాల్లో ఎక్కడో ఉన్న నల్లవాళ్లను సాక్ష్యానికి పిలుస్తాడు. తర్వాత నల్లవాడి వంతు. చివర్లో కౌగిలి. తెర మీద పెదవులు కదిపేది నటులు, రెండు గొంతులూ లూకస్‌వే. నువ్వు నేర్చుకోవలసింది ఇక్కడుంది. తనను చిన్నచూపు చూసేవాడి మాటలను ఆ రచయిత తన నోటితో, తన ఊపిరితో, వెక్కిరింపు ఛాయ లేకుండా పలికాడు. ఆ తెల్లవాడు మనకు బుద్ధిహీనుడిలా కనబడడు. మన పక్కింటివాడిలా కనబడతాడు. అందుకే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ కౌగిలి దగ్గరే నాకు పేచీ. ఇద్దరికీ సమానంగా సమయం ఇచ్చేస్తే న్యాయం జరిగిపోయినట్లు ఆ పాట అనుకుంటుంది. ఒకడిది తరతరాల అవమానం, రెండోవాడిది ఆ అవమానం గురించి వినవలసి వస్తోందన్న చిరాకు. ఆ రెండింటినీ సరితూకంగా నిలబెట్టారని పాట వచ్చిన రోజుల్లోనే విమర్శకులు కొందరు అన్నారు. నా మాటా అదే. నీ పనికి ఇంకా ముఖ్యమైన లోటు మరొకటుంది. ఆ బల్ల దగ్గరికి వచ్చి కూర్చోకముందు వాళ్లిద్దరూ ఎక్కడ పెరిగారో, ఆ తెల్లవాడికి ఆ మాటలు ఎవరు నేర్పారో పాట దాదాపు చెప్పదు. తండ్రా? ఫ్యాక్టరీ మూతపడిన రోజు పక్కన కూర్చుని తాగిన స్నేహితుడా? రాత్రిపూట టీవీలో అరిచే పెద్దమనిషా? మాటలు వింటాం, అవి పుట్టిన ఇల్లు చూడం. ఆ పాటలో కౌగిలి చేసిన పనే నీ కథలో పర్సు చేసింది.

ఇప్పుడు వెనక్కి, 1982కు వెళ్లు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ది ఫ్యూరియస్ ఫైవ్ పేరు మీద వచ్చిన ‘ది మెసేజ్’ విను. ఆ పాటను బృందంలోవాళ్లు మొదట ఇష్టపడలేదు. పార్టీల్లో ఎగిరి గంతులేసే పాటలు చేసేవాళ్లకు, పగిలిన గాజుముక్కల గురించీ మెట్ల మీద మూత్రం కంపు గురించీ పాడమంటే ఎవరు వింటారన్న సందేహం వచ్చింది. చాలావరకు రాసినది స్టూడియోలో వాద్యకారుడిగా పనిచేసే డ్యూక్ బూటీ. రికార్డులో వినిపించేవి ముఖ్యంగా అతని గొంతు, మెలీ మెల్ గొంతు. చివరి చరణం మెలీ మెల్‌ది. 1979లో వేరే పాటలో ఒకసారి వాడినదాన్నే మళ్లీ తెచ్చి ఇక్కడ పెట్టాడు.

ఆ చివరి చరణమే నీకు కావలసింది. ఒక పిల్లవాడు పుడతాడు. లోకం సంగతి ఏమీ తెలియదు. వీధిలో కళ్లెదుట తిరిగేవాళ్లు ఎవరు? జూదం చీటీలు రాసేవాళ్లు, ఆడవాళ్లతో వ్యాపారం చేసేవాళ్లు, మత్తుమందు అమ్మేవాళ్లు. పెద్ద కార్లు వాళ్లకే ఉన్నాయి. ఆ ఈడు పిల్లవాడు ఎవరిలా కావాలనుకుంటాడు? బడి మానేస్తాడు, దారిదోపిడీలకు దిగుతాడు, జైలుకు పోతాడు, అక్కడ ఉరికి వేలాడుతూ కనిపిస్తాడు.  చరణంలో పిల్లవాడు మంచివాడనీ లేదు, చెడ్డవాడనీ లేదు. చాలావరకు అతని కళ్లు ఏం చూశాయో వరసగా చెప్పుకుంటూ పోవడమే.

నీ కథలో తుపాకీ పట్టుకుని వచ్చినవాడు ఈ పిల్లవాడే. నీ దగ్గర అతనికి తల మీదికి లాక్కున్న టోపీ చొక్కా ఉంది, ముఖం లేదు. అతని బాల్యమంతా రాయమని నేను అనడం లేదు. అలా రాస్తే దోపిడీకి సంజాయిషీలా తయారవుతుంది, కథా చెడుతుంది. ఒక్క గుర్తు చాలు. అతని వేళ్లు వణికాయా? డబ్బుతోపాటు కౌంటర్ మీదున్న చాక్లెట్ కూడా తీసుకున్నాడా? మనవాడు ఆ వివరం చూసి కూడా దానికి విలువ ఇవ్వలేదని పాఠకుడికి తెలియాలి.

ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మనవాడు అటు వెళ్లొద్దని విన్న ఆ ఏరియా ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1930లలో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాలకు పటాలు గీయించింది. నల్లవాళ్లు ఉండే పేటలకు ఎర్రరంగు వేసి, ఇక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదం అని గుర్తుపెట్టింది. ఇంటి అప్పు పుట్టని చోట ఇల్లు బాగుపడదు, బడి బాగుపడదు. న్యూయార్క్‌లో రాబర్ట్ మోజెస్ అనే అధికారి 1948లో మొదలుపెట్టించిన క్రాస్ బ్రాంక్స్ రహదారి పేటలను చీల్చుకుంటూ పోయి, వేలమందిని ఇళ్లలోంచి లేపేసింది. 1970లలో ఆ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలోనే భవనాలు వరసగా తగలబడ్డాయి. 1973 ఆగస్టు 11న, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో, జమైకా నుంచి వచ్చిన కుటుంబంలోని కూల్ హెర్క్ అనే కుర్రవాడు, తన చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీలో రికార్డులు తిప్పాడు. ర్యాప్‌కు మూలమైన హిప్-హాప్ పుట్టినరోజు అదేనని అందరూ చెప్పుకుంటారు. మనిషిని పెంచేది అమ్మానాన్నలొక్కరే కాదు, ఎక్కడో గదిలో కూర్చుని పటం మీద రంగు వేసిన గుమాస్తాకు కూడా అందులో పాలుంది. ఇదంతా కథలోకి ఎక్కించకు. నీ బుర్రలో ఉంటే చాలు, వంతెన గురించి రాసే వాక్యం దానంతటదే మారుతుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న చోటికి వస్తున్నాను. నీ కథానాయకుడు నిలబడిన కౌంటర్ లాంటిదే ఇంకొకటి, లాస్ ఏంజెలిస్ దక్షిణాన ఉండేది. 1991 మార్చి 16 ఉదయం లటాషా హార్లిన్స్ అనే పదిహేనేళ్ల నల్లజాతి అమ్మాయి అక్కడికి ఆరెంజ్ జ్యూస్ కొనడానికి వెళ్లింది. సీసా వెల 1.79 డాలర్లు. సీసాను వీపు సంచిలో పెట్టుకుని కౌంటర్ వైపు నడిచింది. కొరియా నుంచి వచ్చి స్థిరపడిన దుకాణదారు ఆమె దొంగిలిస్తోందనుకుంది. ఇద్దరికీ పెనుగులాట జరిగింది. పిల్ల సీసాను కౌంటర్ మీద పెట్టేసి వెనుదిరిగింది. దుకాణదారు తుపాకీ తీసి వెనకనుంచి తలమీద కాల్చింది. చనిపోయిన పిల్ల చేతిలో రెండు డాలర్లు ఉన్నాయి. ఇదంతా దుకాణంలోని కెమెరాకు చిక్కింది.

ఆ దుకాణంలో అంతకుముందు దొంగతనాలు జరిగాయి. ఆమె కొడుకును ముఠావాళ్లు బెదిరించారు. అంటే నీ కథానాయకుడికి ఉన్నట్లే ఆమెకూ అనుభవం ఉంది. ఆ అనుభవం అబద్ధం కాదు. కానీ ఆ ఉదయం ఎదురుగా ఉన్న పిల్ల చేతిలోని డబ్బు ఆమెకు కనబడనివ్వనిదీ ఆ అనుభవమే. ఏడు నెలల తర్వాత జ్యూరీ ఆమెను నరహత్య కేసులో దోషి అని తేల్చింది. పదహారేళ్ల వరకు శిక్షకు అవకాశం ఉంది. న్యాయమూర్తి జైలు లేకుండా ప్రొబేషన్, నాలుగు వందల గంటల సమాజసేవ, ఐదు వందల డాలర్ల జరిమానా వేసి పంపించారు.

దీనిమీద రెండు పాటలు వచ్చాయి. నువ్వు వాటిని పక్కపక్కన పెట్టుకుని వినాలి.

మొదటిది ఐస్ క్యూబ్‌ది. శిక్ష ప్రకటించకముందే, 1991 అక్టోబరులో విడుదలైన ‘డెత్ సర్టిఫికెట్’ ఆల్బమ్‌లో ‘బ్లాక్ కొరియా’ అని నిమిషం కూడా నిండని పాట. దుకాణంలో అడుగుపెట్టగానే తన వెనకే తిరుగుతూ అనుమానంగా చూసే చూపుల గురించి మొదలవుతుంది. అక్కడిదాకా ప్రతి అక్షరం నిజం. తర్వాత కొరియన్లందరినీ కట్టగట్టి తిడుతుంది, దుకాణాలు బూడిద చేస్తామంటుంది. ఈ ఐస్ క్యూబ్ ఎవరనుకున్నావు? 1988లో ఎన్‌డబ్ల్యూఏ బృందంలో ఉండి, చర్మం రంగు చూసి ప్రతి నల్ల కుర్రవాణ్ణీ దొంగ కింద లెక్కకట్టే పోలీసుల మీద పాట రాసినవాడు. ఆ పాటకు ఎఫ్‌బీఐ అధికారి రికార్డు కంపెనీకి హెచ్చరిక లేఖ రాశాడు. తనను మనిషిగా చూడకుండా జాతిగా చూసినందుకు అంత మండిపడ్డవాడు, మూడేళ్లకు తనే అదే చూపు ఇంకొకరి మీద తిప్పాడు. దెబ్బ తిన్నవాడు ఇంకొకరిని కొట్టడని మన సాహిత్యంలో ఒక నమ్మకం ఉంది. పీడితుడు కనుక పవిత్రుడన్నట్లు రాస్తాం. ఆ నమ్మకాన్ని ఈ చిన్న పాట నిలువునా కోసేస్తుంది. కొరియన్ దుకాణదారుల సంఘం అతను ప్రచారం చేసే మద్యాన్ని బహిష్కరించాక, 1992లో అతను వాళ్లకు క్షమాపణ చెప్పాడు.

రెండోది టూపాక్ అనే ర్యాపర్‌ది. 1993లో వచ్చిన ‘కీప్ యా హెడ్ అప్’. దాన్ని లటాషాకు అంకితం ఇచ్చాడు. అందులో కొరియన్ల ఊసు లేదు. నల్లజాతి ఆడవాళ్లను నల్లజాతి మగవాళ్లే ఎలా చూస్తున్నారని అడుగుతాడు. ఆడదాని కడుపునే పుట్టి, ఆడదాన్ని ద్వేషిస్తారేమని నిలదీస్తాడు. పిల్ల చనిపోయింది ఇంకొక జాతి మనిషి చేతిలో, పాట తిరిగింది సొంత ఇంటి వైపు. ఇది టూపాక్‌కు ఎక్కడినుంచి వచ్చింది? తల్లి అఫెనీ షకూర్, నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ ఉద్యమకారిణి. అతణ్ణి కడుపున మోస్తూ జైల్లో ఉంది, కోర్టులో తన కేసు తనే వాదించుకుని 1971లో నిర్దోషిగా బయటపడింది, నెల తిరిగేసరికి కొడుకును కన్నది. (అదే టూపాక్ వేరే పాటల్లో ఆడవాళ్ల గురించి ఏమన్నాడో కూడా వినవలసిందే. మంచి పాట రాసినవాడు మంచివాడై తీరాలన్న నియమం ఏ భాషలోనూ లేదు.)

ఈ రెండు పాటల మధ్య 1992 ఏప్రిల్ 29 ఉంది. రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని చితకబాదిన పోలీసులను కోర్టు వదిలేసిన రోజు. లాస్ ఏంజెలిస్ తగలబడింది. అరవైమందికి పైగా చనిపోయారు. కొరియన్ల దుకాణాలు రెండు వేలకు పైగా లూటీకో మంటలకో పోయాయి. ఆ రోజుల్లో తమ దుకాణాల పైకప్పుల మీద తుపాకులు పట్టుకుని కాపలా కాసిన కొరియన్ల పిల్లలు ఏం నేర్చుకుని పెరిగి ఉంటారు? వీధికి ఇవతలి నల్లపిల్లలు ఏం నేర్చుకుని ఉంటారు? ఒకే మంట రెండు ఇళ్లలో రెండు పాఠాలుగా మారింది. దీన్ని రాయగలిగితే నీకు నవల ఉంది. ఇప్పుడే వద్దు, ముందు కథ సరిచేసుకో.

పెంపకం గురించి ఎక్కువమంది రచయితలు చేసే తప్పు, నీ కథలోనూ ఉన్నది, ద్వేషం నేర్పేవాళ్లను ద్వేషించదగినవాళ్లుగా చూపించడం. నీ సీనియర్ ఎంగిలి మాటల మనిషి, పైగా డబ్బు తిన్నాడు. అతను చెప్పిన మాట చెడ్డదని పాఠకుడు సునాయాసంగా పట్టేస్తాడు. లోకంలో అలా జరగదు. కెండ్రిక్ లమార్ 2022లో విడుదల చేసిన ‘ఆంటీ డైరీస్’ విను. చిన్నప్పటి తన కుటుంబంలో ఒకరు స్త్రీగా పుట్టి పురుషుడిగా బతికారు. పిల్లవాడికి ఆ మామ అంటే ప్రాణం. కారులో తిప్పేవాడు. పిల్లవాడు తన కళ్లతో ర్యాప్ రాస్తుండగా చూసిన మొదటి మనిషి కూడా ఆయనే. మరోపక్క బడిలో అలాంటివాళ్లను కించపరిచే తిట్టు అందరి నోట్లోనూ ఉంది, పిల్లవాడి నోట్లోనూ ఉంది. ఇంట్లో ఆ ప్రేమ, బడిలో ఈ తిట్టు, ఒకటి రెండోదాన్ని అడ్డుకోలేదు. చర్చిలో అలాంటి ఇంకో బంధువు గురించి పాస్టరు నలుగురిలో మాట్లాడినప్పుడు గాని ఆ కుర్రవాడు లేచి నిలబడలేదు. అప్పటికి ఎన్నేళ్లు గడిచాయో!

ఆ పాటకూ విమర్శలు వచ్చాయి. తిట్టును దాచకుండా మళ్లీ మళ్లీ పలికాడని, బంధువు వదిలేసుకున్న పాత పేరు వాడాడని బాధపడ్డవాళ్లున్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే. నేను నీకు చూపించేది అతను తనను ఎక్కడ నిలబెట్టుకున్నాడన్నది. 2018లో అలబామాలోని ఒక సంగీతోత్సవంలో తెల్ల అభిమాని ఒకామె వేదికెక్కి, అతని పాట పాడుతూ నల్లవాళ్లను కించపరిచే మాటను అలాగే పలికితే, కెండ్రిక్ ఆపేశాడు. ఈ పాట చివర్లో ఆ సంగతిని తన మీదికే తిప్పుకుంటాడు. ఆ అమ్మాయి నీ మాట పలకకూడదంటే, మా మాట నువ్వెలా పలికావని బంధువు అడిగినట్లు రాశాడు. పాట అక్కడ ఆగిపోతుంది. పర్సులు, కౌగిళ్లు ఏమీ లేవు.

ద్వేషం ప్రేమించే చేతులతోనే పిల్లవాడికి అందుతుంది. అందుకే దాన్ని వదులుకోవడం అంటే అమ్మమ్మను వదులుకున్నట్లు అనిపిస్తుంది. నీ కథానాయకుడికి అమ్మమ్మ ఉందా? కథలో లేదు. ఉండాలి. అతని ఊళ్లో చెరువుకట్ట అవతల ఒక వాడ ఉండే ఉంటుంది. సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టుకుని, పప్పన్నంలో నెయ్యి వేసి ముద్దలు కలిపి పెడుతూ, కట్ట దాటి ఆడుకోవడానికి వెళ్లకు నాన్నా అని చెప్పిన అమ్మమ్మ ఉండే ఉంటుంది. పొలం పనికి వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వడానికి చూరులో దోపిన వేరే గ్లాసు ఉండే ఉంటుంది. పిల్లవాడు ఒకసారి ఆ గ్లాసుతో తాగబోతే చేతిలోంచి లాక్కుని, మందలించి, వెంటనే ముద్దుపెట్టుకుని ఉంటారు. అతను విమానం ఎక్కేటప్పటికి నల్లజాతి మనిషిని ఒక్కణ్ణి కూడా కలిసి ఉండడు. కలవనక్కర్లేదు. కట్ట ఇక్కడే కట్టారు. టెక్సస్‌లో సీనియర్ చేసిందల్లా వంతెన చూపించడమే. మన సామాను అక్కడిదాకా ఎంత చేరిందో తెలియాలంటే, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ ఎందుకు చట్టం చేయవలసి వచ్చిందో చదువు. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే.

కనుక కిటికీ అద్దం ఎత్తిన చోట ఒక్క వాక్యం వెనక్కి వెళ్లు. ఎక్కువ వద్దు. ర్యాప్ చరణం మామూలుగా పదహారు పంక్తులు. వివరించడానికి చోటుండదు, అందుకే వీధి పేరు, వస్తువు ధర, సీసా రంగు చెప్పి ఊరుకుంటారు. చూరులోని గ్లాసు చెప్పు, కులం గురించి ఉపన్యాసం వద్దు.

ఇంకొక సంగతి. దోపిడీ తర్వాత పోలీసులు వచ్చి వివరాలు రాసుకుని వెళ్లారని ఒక్క వాక్యంలో తేల్చేశావు. మనవాడు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నాడు కదా! అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేస్తున్నాడు. పోలీసు వస్తే ముందు భయపడవలసింది తనే. పేరు అడిగితే ఏం చెప్పాలి? వీసా పోతే తండ్రి అప్పు ఏం కావాలి? యజమాని అయితే ఫోను చేయవద్దనే చెప్పి ఉంటాడు. కౌంటర్‌కు అటున్నవాడూ ఇటున్నవాడూ ఆ రాత్రి ఒకే సైరనుకు ఉలిక్కిపడ్డారు. వాళ్లిద్దరికీ ఉమ్మడిగా ఉన్నది అదొక్కటే, అది మనవాడికి తట్టదు. తట్టనివ్వకు కూడా. పాఠకుడికి తడితే చాలు.

పర్సు ముసలాయన్ను తీసేయి. కథానాయకుడికి వైద్యం చేయడానికి తప్ప ఆయన కథలోకి రాలేదు. మంచితనం నిరూపించుకుంటే తప్ప ఒక నల్లజాతి మనిషికి నీ కథలో చోటు లేదంటే, అది నీ కథానాయకుడి చూపు కాదు, నీది. ఆయన స్థానంలో అదే దుకాణంలో పగటి షిఫ్టు చేసే నల్లజాతి స్త్రీని పెట్టు. ఆమెకు మోకాళ్ల నొప్పి ఉండవచ్చు, నోరు కొంచెం దురుసు కావచ్చు, మనవాడి ఉచ్చారణను వెక్కిరించవచ్చు, భారతీయుల గురించి ఆమెకూ తన ఇంట్లో విన్న అభిప్రాయాలు ఉండవచ్చు. వాళ్లిద్దరూ స్నేహితులు కావాలని నియమం పెట్టుకోకు. గల్లాపెట్టె లెక్క అప్పజెప్పుకునే పది నిమిషాలు రోజూ వాళ్లను ఒకచోట నిలబెట్టు, ఏం జరుగుతుందో రాయి.

అమ్మ ఫోను సంభాషణ ఒక్క అక్షరం మార్చకు. జాగ్రత్త నాన్నా, అక్కడి నల్లవాళ్లు మంచివాళ్లు కాదట అంటూ, అదే ఊపిరిలో ఆవకాయ పార్సిలు అందిందా అని అడిగిందే, అది కథ మొత్తంలో మేలైన వాక్యం. ‘మారిన మనిషి’ అన్న శీర్షిక మాత్రం కొట్టెయ్. ఎనిమిదో పేజీలో ఊరి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది, చూసుకో. దీపావళి సంచికకు పంపాలని తొందరపడుతున్నట్లున్నావు, ఈసారికి వదిలేయి. తిరగరాసిన ప్రతిని సంక్రాంతి తర్వాత నాకు పంపు.

ఆశీస్సులతో.